చూరు ఒక్కటే, వాలులు వేరు

బాపట్ల నుంచి అద్దంకి దాకా, పొన్నూరు నుంచి నరసరావుపేట దాకా పాత పెంకుటిళ్ళు మిగిలిన వీధుల్లో ఒక ఇంటిని పక్కనుంచి చూడండి. చాలా ఇళ్ళకు కొప్పు నడిమధ్యన ఉండదు. వీధి వైపు వాలు పొడుగ్గా, కాస్త పడుకున్నట్టుగా వసారా మీదికి దిగుతుంది. పెరటి వైపు వాలు పొట్టిగా, నిటారుగా ఉంటుంది. అయినా పనితనం తెలిసిన చేతులు కట్టిన ఇంట్లో చూరు మాత్రం చుట్టూ ఒకే ఎత్తున, గోడకు ఒకే దూరాన సాగిపోతుంది.

దారిన పోయేవాడికి ఇందులో విశేషమేమీ కనిపించదు. కట్టేవాడికి మాత్రం పెంకుటింటి పనిలో ఇంతకన్నా గట్టి పరీక్ష లేదు. రెండు వైపుల వాలు వేరైతే మూలలు వాటంతట అవి కలవవు. గోడల ఎత్తులు సరిపోవు. వాసాల కొలతలు వైపుకొక రకంగా మారతాయి. ఇవన్నీ సర్దుకుంటూ చూరును ఒక్క మట్టంలో నిలబెట్టడం ఈ పత్తి, మిరప మైదానంలోని వడ్రంగుల చేతిలో పెరిగిన విద్య. అది కేవలం అందం కోసం పుట్టలేదు. ఇక్కడి నేల, ఇక్కడి వాన, ఇక్కడి పంట కలిసి ఆ విద్యను అడిగి చేయించుకున్నాయి.

వాలులు ఎందుకు వేరయ్యాయి

ఈ ప్రాంతపు రైతింటికి వసారా ప్రాణం. ఖరీఫ్ పత్తి తీతలు అక్టోబరులో మొదలవుతాయి. బంగాళాఖాతంలో వాయుగుండాలు పుట్టేదీ సరిగ్గా అప్పుడే. తీసిన పత్తి తడవకుండా ఆ పూటకి దించుకోవాలంటే ఇంటి ముందు నీడపట్టు కావాలి. మిరప కోతలు జనవరి నుంచి ఏప్రిల్ దాకా సాగుతాయి. కాయ కల్లంలో ఎండినా, అకాల వాన పడితే బస్తాలు వచ్చి చేరేది వసారాలోకే. చెమ్మ తగిలిన కాయకు బూజు పడుతుంది, రంగు పోతుంది, యార్డులో ధర పడిపోతుంది. అందుకే ముందు వైపు వసారా ఎనిమిదేసి అడుగుల వెడల్పున వేసుకున్నారు. పెరటి వైపు అంత అవసరం లేదు. అక్కడ గోడ, దానికి కాస్త నీడ ఉంటే చాలు.

ఒక ఇల్లు ఊహించుకుని లెక్క వేద్దాం. తూర్పు ముఖం ఇల్లు. తూర్పు చూరు నుంచి పడమటి చూరు దాకా 25 అడుగులు. చూరు నేలకు 7 అడుగుల ఎత్తున ఉండాలి. కొప్పు తూర్పు చూరుకు 15 అడుగులు, పడమటి చూరుకు 10 అడుగుల దూరంలో పడింది. చూరు కంటే కొప్పు ఏడున్నర అడుగులు ఎత్తు. అంటే తూర్పు వైపు అడుగుకు 6 అంగుళాల వాలు, పడమర వైపు అడుగుకు 9 అంగుళాల వాలు.

రెండు వైపులా 9 అంగుళాల వాలే పెడితే ఏమవుతుంది? తూర్పున 15 అడుగులు దాటేసరికి కప్పు 11 అడుగుల పైన దిగిపోయి, చూరు నేలకు మూడడుగుల ఎత్తుకు వచ్చేస్తుంది. మనిషి వంగినా లోపలికి రాలేడు. పోనీ రెండు వైపులా 6 అంగుళాలే పెడితే పడమటి చూరు తొమ్మిదిన్నర అడుగుల ఎత్తున ఆగిపోతుంది. మే నెల ఎండ, నైరుతి జల్లు నేరుగా పడమటి గోడకు తగులుతాయి. కాబట్టి వెడల్పు వైపు వాలు తగ్గాలి, ఇరుకు వైపు వాలు పెరగాలి. ఇంటి అవసరమే కొప్పును నడుమ నుంచి పక్కకు జరిపింది.

మండువా లోగిళ్ళలో ఇదే చిక్కు నాలుగింతలు. వీధి వైపు చావడి, రెండు పక్కల గదులు, వెనక వంటిల్లు ఒకే వెడల్పులో ఉండవు. నాలుగు కప్పులూ లోపలి వాకిట్లోకి వాలాలి, ఆ నాలుగు చూరులూ ఒకే మట్టంలో కలవాలి. ఏ ఒక్కటి ఎత్తు తప్పినా వాకిట్లో నిలబడి తలెత్తినవాడికి వెంటనే తెలిసిపోతుంది.

చూరు ఎందుకు కదలకూడదు

నల్లరేగడి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే బిగుసుకుని నెర్రెలిస్తుంది. పత్తికి ఆ నేల వరం. గోడకు మాత్రం గండం. పునాది పక్కన ఒక వైపు నేల ఎక్కువ తడిసి, మరో వైపు తక్కువ తడిస్తే గోడ ఒక పక్క లేస్తుంది, మరో పక్క కుంగుతుంది. కిటికీ మూలల నుంచి పగుళ్ళు మొదలవుతాయి. అందుకే ఇక్కడి పెద్దలు రేగడిని తవ్వి, గట్టి నేల తగిలాక పునాదిలో ఇసుక నింపేవారు. నేల కింద ఇసుక చేసే పనిని నేల మీద చూరు చేస్తుంది. చూరునీళ్ళు గోడకు రెండడుగుల దూరంలో, నాలుగు వైపులా సమానంగా పడితే అక్కడ చిన్న కాలవ తీసి బయటికి పంపేయొచ్చు. ఒక వైపు రెండడుగులు, మరో వైపు అడుగుంపావు అయితే ఆ దగ్గర పడిన నీళ్ళు చింది మట్టిగోడ అడుగును తింటాయి. ఉబ్బే నేల తడి కూడా అక్కడే పునాదికి చేరుతుంది.

ఎండ లెక్కా ఇలాంటిదే. గుంటూరు సుమారు 16.3 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. మార్చి చివర మిట్టమధ్యాహ్నం దక్షిణపు గోడ మీద రెండడుగుల చూరు నీడ దాదాపు ఏడడుగులు దిగుతుంది. గోడ మొత్తం నీడలో ఉన్నట్టే. డిసెంబరులో అదే చూరు రెండున్నర అడుగుల లోపే నీడనిస్తుంది. చలికాలపు ఎండ గోడకు తగిలి ఇల్లు వెచ్చగా ఉంటుంది. చూరు పొడవు తగ్గితే ఈ లెక్క చెడుతుంది.

ఇక గాలి. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన తుపాను ఈ తీరాన్నీ వదలలేదు. 1990 మే తుపానూ అంతే. తుపాను గాలికి కప్పు లేచేది సాధారణంగా చూరు దగ్గరే. గాలి చూరు కిందికి దూరి పైకి తంతుంది, పైన సాగే గాలి కప్పును పైకి లాగుతుంది. చూరు ఒక వైపు ఎక్కువ, ఒక వైపు తక్కువ ఉంటే మూలలో ఆ పట్టు తేడా పడి, మూలవాసం మొదట కదులుతుంది. అన్ని వైపులా ఒకే పొడవు, అన్ని వాసాలూ గోడదూలానికి గట్టిగా కట్టి ఉన్న కప్పు గాలిని సమంగా పంచుకుంటుంది.

మూడు దారులు, ఒకటే సరైనది

వాలులు వేరైనప్పుడు వడ్రంగి ముందు మూడు దారులుంటాయి.

మొదటిది, గోడలన్నీ ఒకే ఎత్తు లేపి, చూరు అన్ని వైపులా రెండడుగులు వదలడం. అడుగుకు 6 అంగుళాల వాలులో రెండడుగుల చూరు గోడ కంటే 12 అంగుళాలు కిందికి దిగుతుంది. 9 అంగుళాల వాలులో 18 అంగుళాలు దిగుతుంది. మూలలో రెండు చూరుల మధ్య 6 అంగుళాల మెట్టు పడుతుంది. అందం పోవడం ఒక్కటే కాదు, ఆ మెట్టు దగ్గర పెంకు కూర్చోదు, నీళ్ళు లోపలికి తిరుగుతాయి.

రెండోది, గోడలు ఒకే ఎత్తు, చూరు ఒకే మట్టం. అప్పుడు రెండు వైపులా 12 అంగుళాలే దిగాలి కాబట్టి నిటారు వాలు వైపు చూరు 16 అంగుళాలకే ఆగిపోతుంది. మూలవాసం సరిగ్గా గోడ మూల మీదుగా పోతుంది. పని తేలిక. కానీ ఎండ, జల్లు ఎక్కువగా తగిలే పడమటి గోడకే నీడ తగ్గుతుంది. పనివాడికి సుఖం, గోడకు కష్టం.

మూడోది, చూరు పొడవూ ఒకటే, చూరు మట్టమూ ఒకటే. అప్పుడు మారాల్సింది గోడ ఎత్తు. నిటారు వాలు వైపు గోడదూలం 6 అంగుళాలు పైకి లేవాలి. మన లెక్కలో తూర్పున వసారా దూలం 8 అడుగుల ఎత్తున ఉంటే, పడమటి గోడదూలం ఎనిమిదిన్నర అడుగుల ఎత్తున కూర్చోవాలి. అంటే రెండు వరసల ఇటుక ఎక్కువ. మంచి వడ్రంగి ఎంచుకునేది ఈ దారే.

అందుకే వడ్రంగి మేస్త్రి గోడలు లేస్తుండగానే రావాలి, కప్పు వేళకు పిలిస్తే ఆలస్యమైపోతుంది. తాపీవాళ్ళు గోడలన్నీ ఒకే మట్టానికి తెచ్చి ఆపేస్తే ఇలాంటి మాటలు నడుస్తాయి:

“మేస్త్రీ, గోడలన్నీ సమంగా తెచ్చాం గదా, ఇంక దూలాలు ఎక్కిద్దామా?”

“ఆగండి బాబాయిగారూ. పడమటి గోడకి, రెండు పక్క గోడలకి ఇంకో రెండు వరసలు పడాలి. మూల దగ్గర మాత్రం అడుగు ముందే ఆపమనండి.”

ఆ చివరి మాటలోనే అసలు కిటుకు ఉంది.

నేల మీద గీత

పాత వడ్రంగికి కాగితం మీద ప్లాను అలవాటు లేదు. త్రికోణమితి పట్టికలు లేవు. ఉన్నది చదును చేసి అలికిన నేల, జేగురు నీళ్ళలో ముంచిన దారం, గజంబద్ద, మూలమట్టం. ఆ నేల మీద ముందు గీసేది గోడ గీత కాదు, చూరు గీత. ఇల్లు చుట్టూ చూరు ఎక్కడ పడుతుందో ఆ చతురస్రమే అన్నిటికీ మొదలు. గోడ దాని లోపల రెండడుగుల దూరంలో వస్తుంది.

మన ఇంట్లో ఈశాన్యపు మూల తీసుకుందాం. తూర్పు వాలు అడుగుకు 6 అంగుళాలు. పక్కలకు దిగే ఉత్తర, దక్షిణపు వాలులు పడమటి వాలులాగే అడుగుకు 9 అంగుళాలు. ఒకే ఎత్తు ఎక్కడానికి తూర్పు వాలు మూడడుగులు నడిస్తే ఉత్తరపు వాలు రెండడుగులే నడుస్తుంది. కాబట్టి చూరు మూల దగ్గర నిలబడి ఉత్తరపు చూరు వెంట మూడడుగులు పడమరకు, అక్కడి నుంచి లోపలికి రెండడుగులు దక్షిణానికి కొలిచి గుర్తు పెడతాడు. మూల నుంచి ఆ గుర్తు మీదుగా దారం లాగి కొడితే నేల మీద ఎర్రటి గీత పడుతుంది. మూలవాసం నడిచే దారి అదే. రెండు వాలులూ సమానమైన వాయవ్య, నైరుతి మూలల్లో ఈ గీత మూలను సరిగ్గా సగానికి కోస్తుంది. ఇక్కడ మాత్రం నిటారు వాలు వైపుకు ఒరుగుతుంది.

ఇప్పుడు గోడ గీతలు చూడండి. ఆ ఎర్ర గీత గోడ మూల మీదుగా పోదు. ఉత్తరపు గోడను మూలకు 12 అంగుళాల దూరంలో దాటుతుంది. మూలవాసం బరువు పడేది అక్కడ. ఆ 12 అంగుళాల మేర, అంటే మూల నుంచి మూలవాసం దాకా, ఉత్తరపు గోడ తలపైన ఉండేది ఉత్తరపు వాలు కాదు, తక్కువ ఎత్తున పోయే తూర్పు వాలు. అదనంగా కట్టిన రెండు ఇటుక వరసల్నీ మూల దాకా తీసుకుపోతే ఆ ఇటుక తూర్పు వాలు పెంకుల్ని పైకి తన్నుతుంది. అడుగు ముందే ఆపి, అక్కడి నుంచి మూలకు వాలుగా దించితే వాసాలు నిమ్మళంగా కూర్చుంటాయి. మేస్త్రి చెప్పిన మాటకు అర్థం ఇదే.

కప్పు పడిపోయిన పాత ఇళ్ళలో ఇప్పటికీ ఈ గుర్తు వెతకొచ్చు. గోడ తల మూల దగ్గర ఒక వైపు దిగిపోయి కనిపిస్తే అది ఇటుక రాలిపోవడం వల్లే అని తేల్చేయకండి. చాలాసార్లు అది లెక్క ప్రకారం దించిన గోడ.

మూలవాసం, మూలకు దిగే వాసాలు

నేల మీద గీత ఉంటే పొడవులు వాటంతట అవే బయటికి వస్తాయి. తూర్పు వాసం 15 అడుగుల నేలకొలతకు, ఏడున్నర అడుగుల ఎత్తుకు 16 అడుగుల 9 అంగుళాలు. పడమటి వాసం సరిగ్గా పన్నెండున్నర అడుగులు. తాపీవాళ్ళు మూల తిప్పడానికి వాడే మూడు, నాలుగు, అయిదు లెక్కే ఇది: అడుగుకు 9 అంగుళాలంటే నాలుగడుగులకు మూడడుగుల ఎత్తు, అయిదడుగుల వాసం. 9 అంగుళాల వాలుకు వాసం పొడవు గుణించుకునే పనే ఉండదు. మూలవాసం పందొమ్మిదిన్నర అడుగులు వస్తుంది.

కొప్పు దాకా వెళ్ళకుండా మూలవాసానికి వచ్చి తగిలే పొట్టి వాసాల లెక్క ఇంకా ముచ్చటైనది. వాసానికీ వాసానికీ రెండడుగుల ఎడం పెట్టారనుకోండి. తూర్పు వాలు మీద ఒక్కో వాసం దాని ముందుదాని కంటే 40 అంగుళాలు తగ్గుతూ పోతుంది. ఉత్తరపు వాలు మీద 20 అంగుళాలే తగ్గుతుంది. ఈ రెండు అంకెలు తెలిసిన వడ్రంగి ఒక్కో వాసాన్నీ పైకెక్కించి కొలిచి దించే పని లేకుండా నేల మీదే అన్నీ కోసి, ఉలితో గాట్లు పెట్టి వరస గుర్తు వేసి, తర్వాత పైకి అందిస్తాడు. రెండు వైపుల వాసాల చివర కోత కూడా వేరు. తూర్పు వాసం ఏటవాలుగా, పొడవాటి కోతతో మూలవాసాన్ని అంటుతుంది. ఉత్తరపు వాసం పొట్టి కోతతో అంటుతుంది. ఒకే కొలత కోసిన వాసాలు అటూ ఇటూ మార్చి వాడదామంటే కుదరదు.

మూలవాసం పైభాగాన్ని కూడా రెండు వైపులా చెక్కాలి. రెండు వాలులూ ఒకటైతే రెండు భుజాలూ సమానంగా చెక్కితే సరి. వాలులు వేరైతే ఒక భుజం ఎక్కువ, ఒక భుజం తక్కువ. ఇది చెక్కకుండా రీపర్లు కొడితే మూల మీద గట్టులా లేచి పెంకులు ఊగుతాయి. బాడిసతో ముందు దింపి, చిత్రికతో సాపు చేసి, రెండు వాలుల మీదుగా బద్ద పెట్టి వెలుగు కనబడకుండా చూసుకుంటారు. మూలవాసానికి మంచి కలప వాడేది అందుకే. తీరపు ఊళ్ళలో మామూలు వాసాలకు తాటి మాను సరిపోతుంది. ముదిరిన తాటిమాను బయటి చేవ నల్లగా, గట్టిగా ఉంటుంది, లోపలి బెండు మెత్తన. రెండు వైపుల బరువూ మోస్తూ, రెండు భుజాల చెక్కుడూ తట్టుకోవాలంటే టేకు లాంటి నిండు కలపే కావాలి.

గోడ మీద అదనపు వరసలు వేయడానికి వీలులేని చోట మరో ఉపాయం ఉంది. గోడ దాటిన వాసం చివరకు ఇంకో ముక్క జోడించి, చూరు మేర వాలు కొద్దిగా తగ్గించి చూరును మట్టానికి తేవడం. పనికొస్తుంది గాని, వాలు విరిగిన చోట పెంకుల మధ్య సందు పడుతుంది, నీటి వేగం తగ్గి చెత్త పేరుకుంటుంది. పాత గోడ మీద కొత్త కప్పు వేసేటప్పుడు తప్పని దారిగా మాత్రమే దీన్ని వాడతారు.

పెంకు చెప్పే లెక్క

ఈ లెక్కలకు పెంకు కూడా ఒప్పుకోవాలి. గూనపెంకు కాలంలో కొంత సర్దుబాటు ఉండేది. వాలు తక్కువ ఉన్న చోట పెంకు మీద పెంకు ఎక్కువ ఎక్కించి, నిటారు చోట తక్కువ ఎక్కించి నెట్టుకొచ్చేవారు. ఒకదానిలో ఒకటి బిగిసే మంగుళూరు పెంకు వచ్చాక ఆ వెసులుబాటు పోయింది. 1841లో ఫ్రాన్సులోని అల్సాసులో గిలార్డోనీ సోదరులు రూపొందించిన గాడి పెంకు తరహాను బాసెల్ మిషన్ మంగుళూరుకు తెచ్చింది. 1865లో జార్జ్ ప్లెబ్‌స్ట్ అక్కడి జెప్పులో కర్మాగారం పెట్టాడు. ఆ పెంకు దక్షిణాదంతా పాకింది. మన ఊళ్ళలో బెంగుళూరు పెంకు అనేదీ దీన్నే. ఒక్కోటి రెండు మూడు కిలోల బరువు, చదరపు మీటరుకు సుమారు 15 పడతాయి. రీపరుకీ రీపరుకీ దాదాపు పన్నెండున్నర అంగుళాల ఎడం. గాడి ఎంత చెబితే అంతే, అటూ ఇటూ పెద్దగా జరపడానికి ఉండదు.

మన ఇంట్లో నిటారు వాలు పన్నెండున్నర అడుగులు కాబట్టి సరిగ్గా 12 వరసలు పడతాయి. పొడుగు వాలు మీద 16 వరసలు పడి అంగుళం మిగులుతుంది. దాన్ని వరసల్లో కొద్దికొద్దిగా పంచేస్తారు. మూలవాసం దగ్గర రెండు వైపుల వరసలు ఎదురెదురుగా రావు. తూర్పు వైపు ప్రతి నాలుగో వరస, ఉత్తరపు వైపు ప్రతి మూడో వరసతో దాదాపుగా కలుస్తుంది. మధ్యలో వచ్చేవన్నీ రెండు వైపులా రెండు కోణాల్లో కోసిన ముక్కలు. వాటి మీద కొప్పు పెంకులు బోర్లించి సున్నం గచ్చుతో బిగిస్తారు. చూరు దగ్గర మొదటి రీపరు మిగతా వాటి కంటే మందంగా ఉండాలి. లేదంటే కింద ఆనుకోవడానికి మరో పెంకు లేని మొదటి వరస తల వాల్చేస్తుంది.

మండువాలో ఈ మూల తిరగబడుతుంది. బయటి మూల నీటిని రెండు వైపులా చీలుస్తుంది. లోపలి మూల రెండు కప్పుల నీటినీ ఒక్కచోటికి లాక్కుంటుంది. వాలులు వేరైతే నిటారు వైపు నీళ్ళు వేగంగా వచ్చి, మూలకాలవను దాటి అవతలి కప్పు పెంకుల కిందికి ఎగదన్నుతాయి. అందుకే కాలవలో పరిచే జింకు రేకును పడుకున్న వాలు వైపు ఎక్కువ లోపలికి, ఎత్తుకు తీసుకుపోవాలి. రెండు వైపులా సమానంగా రేకు వేసిన మండువా మూల జోరువానలో కారేది ఈ ఒక్క పొరపాటు వల్లే.

అన్నీ అయ్యాక పరీక్ష చూరు దగ్గరే. నీళ్ళు నింపిన గొట్టంతో నాలుగు మూలల మట్టం చూసి, చుట్టూ దారం లాగి, ఆ దారానికి పైకీ కిందికీ పోయిన వాసం చివరల్ని కోసి, చూరుబల్ల కొడతారు. చూరుబల్ల సాఫీగా కూర్చుంటే లోపలి లెక్కంతా సరిగ్గా వచ్చినట్టు.

ఈ విద్య విలువ

కప్పు కట్టే నేర్పు ఈ నేలకు కొత్తది కాదు. నరసరావుపేటకు దగ్గరలోని చేజెర్ల కపోతేశ్వరాలయం మొదట బౌద్ధ చైత్యం. ఏనుగు వీపులా గుండ్రంగా దిగే దాని కప్పును ఇటుకతో కట్టారు గాని, ఆ రూపం కలపది. కలప కప్పు వంపును ఇటుకలోకి దించారు. అమరావతి శిల్పాల్లో చెక్కిన ఇళ్ళు, మేడలు, వాటి కప్పులు చూసినా అప్పటి వడ్రంగుల పనితనం తెలుస్తుంది.

ఇంటి పనివాళ్ళ మాటల్ని గ్రంథస్థం చేసిన ఘనత కూడా ఈ మైదానం బిడ్డలకు దక్కింది. ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ తరఫున మాండలిక వృత్తి పదకోశాల పనికి వ్యవసాయ పదాలతో 1962లో శ్రీకారం చుట్టిన భద్రిరాజు కృష్ణమూర్తి ఒంగోలు వారు. ఆ వరసలో ఇళ్ళు కట్టే వృత్తి పదాల సంపుటాన్ని తీర్చిన బూదరాజు రాధాకృష్ణ వేటపాలెం వారు. వాళ్ళు మాటలు పోగుచేసి పెట్టారు. ఆ మాటల వెనకున్న గీతలు, కొలతలు, కోతలు ఇంకా పనివాళ్ళ చేతుల్లోనే ఉన్నాయి. ఆ చేతులు ముసలివైపోతున్నాయి.

బయటి దేశాలు ఈ విషయంలో ఏం చేశాయో చూడాలి. కప్పు కలపను నేల మీద పూర్తి కొలతకు గీసి కోసే ఫ్రెంచి వడ్రంగుల సంప్రదాయాన్ని యునెస్కో 2009లో మానవాళి సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. మన వడ్రంగి అలికిన నేల మీద జేగురు దారంతో చేసేది ఆ జాతి పనే. అక్కడ దానికి బడులున్నాయి, పుస్తకాలున్నాయి, గురుశిష్య పరంపరకు గౌరవం ఉంది. ఇక్కడ పాత ఇల్లు పడగొట్టగానే కలప కొనేవాడు దూలం పొడవు, మందం చూసి వెల కడతాడు. మూలవాసం మీది రెండు చెక్కుళ్ళకు, ఉలి గాట్లకు ఎవరూ వెల కట్టరు.

ఇదేదో పాతదని జాలిపడి కాపాడమనే మాట కాదు. ఈ లెక్క ఇవాళా కావాలి. పొలాల్లో మిరపకాయకు, పత్తికి వేసుకునే రేకుల షెడ్లు చూడండి. ఒక వైపు బండి నిలపడానికి పొడుగు పంచ, వెనక పొట్టి వాలు. కలప పోయి ఇనప గొట్టాలు వచ్చాయి గాని మూల అదే. వెల్డరుకు ఈ గీత తెలియక ఒక వైపు చూరు తగ్గించేస్తున్నాడు. జల్లు బస్తాల మీదికి కొడుతోంది. కొత్తగా పెంకు కప్పుతో ఇల్లు కట్టుకునేవాళ్ళు చాలామంది ముందు సిమెంటు స్లాబు వాలుగా పోసి దాని మీద పెంకు అంటిస్తున్నారు. వాసాల మీద పెంకు వేసిన కప్పుకు ఉండే గాలి ఆట దానికి లేదు. ఎండకు కాగిన స్లాబు రాత్రి దాకా వేడి వదలదు.

చేయాల్సిన పనులు పెద్దవేమీ కావు. విజయవాడలో 2008లో మొదలైన స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్ ఉంది. అక్కడి విద్యార్థులు, పాలిటెక్నిక్ పిల్లలు ఏటా ఒక ఊరు తీసుకుని పాత పెంకుటిళ్ళ కప్పుల్ని మూలలతో సహా కొలిచి గీస్తే కొన్నేళ్ళలో ఉమ్మడి గుంటూరు, ప్రకాశం జిల్లాల పనితనమంతా కాగితం మీదికొస్తుంది. 2023 సెప్టెంబరు 17న మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలో ఉన్న 18 వృత్తుల్లో వడ్రంగం ఒకటి. శిక్షణ ఉంది, పనిముట్లకు రూ. 15,000 సాయం ఉంది. ఆ శిక్షణలో, ఐటీఐల వడ్రంగి కోర్సులో కప్పు గీతకు ఒక వారం కేటాయించాలి. పాఠం చెప్పడానికి పాత మేస్త్రినే పిలవాలి, ఆయనకు రోజు కూలి కాదు, గురువుకిచ్చే భత్యం ఇవ్వాలి. చెన్నై దగ్గర ముట్టుకాడులో 1996లో తెరిచిన దక్షిణచిత్ర దక్షిణాది రాష్ట్రాల పాత ఇళ్ళను విప్పి తెచ్చి మళ్ళీ నిలబెట్టింది. వాటిలో తెలుగు ఇళ్ళూ ఉన్నాయి. గుంటూరులోనో ఒంగోలులోనో ఒక్క మండువా ఇల్లు, ఒక్క వసారా పెంకుటిల్లు అలా నిలబెట్టినా పిల్లలు కప్పు కింద నిలబడి లెక్క నేర్చుకుంటారు.

చదువరులకు ఒక మాట. మీరు వాలు కప్పు వేయించుకుంటుంటే, కలపైనా ఇనుమైనా, పనివాడిని మూడు సంగతులు అడగండి: చూరు అన్ని వైపులా ఒకే పొడవా, ఒకే మట్టమా, అందుకు ఏ గోడ ఎంత లేపాలి? మూడో దానికి అంకె చెప్పగలిగినవాడికే పని అప్పగించండి. మీ ఊళ్ళో పాత పెంకుటిల్లు పడగొట్టాల్సి వస్తే పెంకులు దించాక, వాసాలు విప్పకముందు ఒక్క పూట ఆగండి. నాలుగు మూలలకూ ఫోటోలు తీయించి, వాసాల కొలతలు రాయించి, ఆ కాగితం దగ్గరలోని కాలేజీకో గ్రంథాలయానికో ఇవ్వండి. ఆ కప్పు కట్టిన తరానికి మనం చెల్లించగల బాకీ అంతే.